అమెరికన్ మోడల్ ఇంజన్ల కలెక్షన్: ఏ రైల్‌రోడ్ పెట్టుకోవాలి, ఏది వదిలేయాలి

నా షెల్ఫ్ మీద ఒకప్పుడు పదకొండు ఇంజన్లు ఉండేవి, తొమ్మిది కంపెనీలవి. విడివిడిగా చూస్తే ఒక్కోటీ ముద్దొచ్చేది, వరసగా పెడితే మాత్రం ఎక్కడో వెలితి. పెన్సిల్వేనియా వాళ్ల జీజీ1 ఎలక్ట్రిక్ ఇంజన్ పక్కన యూనియన్ పసిఫిక్ వాళ్ల కొత్తకాలం డీజిల్, దాని పక్కన కాలిఫోర్నియా కొండల్లో తిరిగిన స్టీమ్ ఇంజన్. ఈ మూడూ నిజజీవితంలో ఏ స్టేషన్లోనూ ఒక్క రోజు కూడా పక్కపక్కన నిలబడలేదు, ఆ వెలితి అదేనని నాకు అర్థమయ్యేసరికి నాలుగేళ్లు గడిచాయి, చాలా డబ్బూ అయింది.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెప్తా. ముందు రైల్‌రోడ్ పేరు, అంటే రైలు కంపెనీ పేరు, పట్టుకోకండి. ఒక చోటు పట్టుకోండి, ఒక పదేళ్ల కాలం పట్టుకోండి, అప్పుడు ఏ రైల్‌రోడ్లు కావాలో ఆ చోటే చెప్తుంది. సరే, మనసులో ఆల్రెడీ ఒకటో రెండో పేర్లు ఉండే ఉంటాయి కదా, వాటిని దేనితో కొలవాలో చూద్దాం.

కొనేముందు చూసుకోవాల్సినవి

మొదటిది కాలం. అమెరికన్ రైళ్లలో ఒక్కో దశకం ఒక్కో లోకం. 1945 నుంచి 1960 దాకా ఉన్న టైమ్‌ని ట్రాన్సిషన్ ఎరా అంటారు, స్టీమ్ పోతూ డీజిల్ వస్తున్న రోజులు, రెండూ ఒకే యార్డులో కనపడతాయి కాబట్టి ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు. 1971 మే 1న పాసింజర్ బండ్లు నడిపే జాతీయ సంస్థ ఆమ్‌ట్రాక్ మొదలయ్యాక చాలా కంపెనీల సొంత పాసింజర్ బండ్లు పోయాయి. 1980ల్లో గూడ్స్ బండి చివర ఉండే గార్డు పెట్టె, అదే కబూస్, మాయమవడం మొదలైంది. 1990ల తర్వాత ఇంజన్ల ముందు కింద భాగంలో డిచ్ లైట్లు వచ్చేశాయి. అంటే డిచ్ లైట్లున్న ఇంజన్ వెనక కబూస్‌లున్న పాత గూడ్స్ రేక్ తగిలిస్తే, తెలిసినవాడికి వెంటనే పంటికింద రాయిలా తగుల్తుంది.

రెండోది కర్వ్, దీన్ని చాలామంది పట్టించుకోరు. యూనియన్ పసిఫిక్ వాళ్ల భారీ స్టీమ్ ఇంజన్ బిగ్ బాయ్ నిజంది టెండర్‌తో (వెనక బొగ్గు, నీళ్లు మోసే పెట్టె) కలిపి దాదాపు 132 అడుగులు. హెచ్‌ఓ స్కేల్లో, అంటే 1:87లో, అది ఒకటిన్నర అడుగు అవుతుంది, ఎన్ స్కేల్ 1:160లో పది అంగుళాలు. నా దగ్గర మొదట్లో 18 అంగుళాల రేడియస్ కర్వ్‌లే ఉండేవి, దానిమీద ఒక పెద్ద ఆర్టిక్యులేటెడ్ (కింద చక్రాలు రెండు గుంపులుగా మడత తిరిగే) స్టీమ్ ఇంజన్ నడిపా. చక్రాలు పట్టాల మీద బుద్ధిగానే తిరిగాయి కానీ బాయిలర్ ముందు భాగం మాత్రం కర్వ్ బయటికి తేలి వచ్చింది, దాని కుడి అంచు పక్కనున్న సిగ్నల్ స్తంభానికి తగిలింది, అది విరిగి ట్రాక్ మీద అడ్డంగా పడింది, వెనక పెట్టెలు రెండు దిగిపోయాయి. ఆ రోజే టేప్ తీసుకుని గది కొలిచా. మీరు కొనకముందే కొలవండి.

మూడోది మోడల్స్ దొరకడం. శాంటా ఫే, యూనియన్ పసిఫిక్, పెన్సిల్వేనియా రంగుల్లో దాదాపు ప్రతి తయారీదారూ ఏదో ఒకటి తెస్తాడు. చిన్న రైల్‌రోడ్ అయితే ఒక బ్యాచ్ వచ్చి వెళ్లిపోయాక మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం, సెకండ్ హ్యాండ్లో వెతుక్కోవాల్సిందే. ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఒక కంపెనీ అసలెప్పుడూ కొనని ఇంజన్‌కి ఆ కంపెనీ రంగేసి అమ్మే మోడల్స్ కూడా మార్కెట్లో ఉంటాయి, హాబీలో వాటిని ఫూబీ అంటారు. బిగ్ బాయ్ నడిపింది యూనియన్ పసిఫిక్ ఒక్కటే, అది ఇంకెవరి రంగులో కనపడినా ఫూబీయే. పిల్లలకి బొమ్మగా అయితే పర్లేదు, కలెక్షన్ అని మొదలుపెట్టినవాళ్లకి మాత్రం కొన్నాళ్లకి కచ్చితంగా మనసు విరుగుతుంది.

నాలుగోది మీ కన్ను. రోజూ చూసేది మీరే కాబట్టి రంగు నచ్చకపోతే ఎంత చరిత్ర ఉన్నా ప్రయోజనం లేదు.

యూనియన్ పసిఫిక్

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకి ఇది సేఫ్. 1862లో పుట్టింది, ఇవాళ్టికీ అదే పేరుతో నడుస్తోంది, పసుపు రంగు 1930ల నుంచి వదల్లేదు. అంటే మీరు ఏ దశకం ఎంచుకున్నా అందులో పసుపు ఇంజన్ ఒకటి దొరుకుతుంది, మధ్యలో మనసు మార్చుకుని కాలం మార్చినా కొన్నవన్నీ దండగ కావు.

పెద్ద ఇంజన్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఇంతకు మించింది లేదు. బిగ్ బాయ్‌లు మొత్తం 25, ఆల్కో కంపెనీ 1941లో 20, 1944లో 5 చేసిచ్చింది. అందులో 4014 నంబర్ దాన్ని మళ్లీ బాగుచేసి 2019లో పట్టాలెక్కించారు. 1944లోనే వచ్చిన 844 నంబర్ స్టీమ్ ఇంజన్ (ఇది బిగ్ బాయ్ కాదు) అయితే అసలు రిటైరే కాలేదు. డీజిల్లో డీడీఏ40ఎక్స్ ఉంది, రెండు డీజిల్ ఇంజన్లు ఒకే ఫ్రేమ్ మీద, 98 అడుగుల పొడవు, 1969 నుంచి 1971 మధ్య 47 చేశారు. 1869లో ప్రోమంటరీ దగ్గర తూర్పు, పడమర పట్టాలు కలిపి బంగారు మేకు కొట్టి నూరేళ్లయిందని వాటికి సెంటెన్నియల్ అని పేరు పెట్టారు.

ఇబ్బంది ఏంటంటే యూనియన్ పసిఫిక్ గొప్పతనమంతా సైజులోనే ఉంది. చిన్న గదిలో ఆ గొప్ప ఇంజన్లేవీ నడవవు, చిన్న డీజిల్స్‌తో సరిపెట్టుకుంటే అసలు రుచి తెలీదు. గది చిన్నదైనా మనసు దీనిమీదే ఉంటే ఎన్ స్కేల్‌కి వెళ్లండి. కాటో వాళ్ల ఎన్ స్కేల్ బిగ్ బాయ్ చూశాక స్కేల్ మార్చేసినవాళ్లు నాకు తెలుసు.

శాంటా ఫే

ఎరుపు, వెండి, మధ్యలో పసుపు గీత. వార్‌బానెట్ అంటారు ఆ పెయింట్‌ని. జనరల్ మోటార్స్ ఎలక్ట్రోమోటివ్‌లో పనిచేసిన లీలాండ్ నికర్‌బాకర్ వేసిన డిజైన్, 1937లో సూపర్ చీఫ్ బండికి వచ్చింది. అమెరికాలో బొమ్మ రైలు అనగానే చాలామందికి ఈ రంగే గుర్తొస్తుంది, 1948లో లయనెల్ కంపెనీ ఓ గేజ్‌లో (హెచ్‌ఓ కంటే పెద్ద సైజు) శాంటా ఫే ఎఫ్3 డీజిల్ తెచ్చినప్పటి నుంచి తరతరాల పిల్లలు దానితోనే పెరిగారు మరి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే శాంటా ఫే అంటే వార్‌బానెట్ ఒక్కటే అనుకోవడం. అది పాసింజర్ ఇంజన్ల రంగు. గూడ్స్ ఎఫ్ యూనిట్లు (ఎఫ్3, ఎఫ్7 లాంటి డీజిల్ ఇంజన్లు) నీలం పసుపు. వెండి ఇంజన్ తీసుకెళ్లి 1952 నాటి గూడ్స్ రేక్‌కి తగిలిస్తే కుదరదు. ఎరుపు వెండి ఇంజన్ గూడ్స్ లాగడమే మీకిష్టమైతే 1989 తర్వాతి కాలానికి రండి, అప్పుడు ఆ రంగుని వెనక్కి తెచ్చి ఫాస్ట్ గూడ్స్ ఇంజన్లకి వేశారు, 1995లో బర్లింగ్టన్ నార్తర్న్‌తో కలిసిపోయేదాకా అదే నడిచింది.

చోటు విషయంలో శాంటా ఫే దయగలది. ఎఫ్7 యూనిట్ హెచ్‌ఓలో ఏడంగుళాలే, నాలుగు చక్రాల ట్రక్కులు (ఇంజన్ కింద తిరిగే చక్రాల చట్రాలు), 18 అంగుళాల కర్వ్ మీద కూడా హాయిగా తిరుగుతుంది. జాగ్రత్తపడాల్సింది వెనక పెట్టెల గురించి. 85 అడుగుల పాసింజర్ కోచ్‌లు అంత బిగువు కర్వ్‌లో ఒకదానికొకటి మూలలు గుద్దుకుంటాయి.

పెన్సిల్వేనియా

నా మనసులో దీనికో ప్రత్యేకమైన చోటుంది, ఒప్పుకుంటా. తనని తాను ప్రపంచానికే స్టాండర్డ్ రైల్‌రోడ్ అని చెప్పుకున్న కంపెనీ, చెప్పుకున్నట్టే ఒక డిజైన్ కుదిరితే వందల్లో చేసుకునేది. కే4 పసిఫిక్ స్టీమ్ ఇంజన్లు 425, జీజీ1లు 139.

జీజీ1 మోడల్ ఒకటి చేతిలోకి తీసుకుని లైట్ కింద పక్కనుంచి చూడండి. ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపే అనిపించే ఆ ఒంటిమీద ముక్కు దగ్గర కలిసి మొదలై పక్కలకి పారే ఐదు సన్నటి బంగారు గీతలు. ఈ గీతలూ, రివెట్లు లేని ఆ నున్నటి ఒళ్లూ డిజైనర్ రేమండ్ లోవీ చలవ. మంచి మోడల్లో ఐదు గీతలూ విడివిడిగా, మధ్య ఖాళీ సమానంగా, తలుపుల మీదుగా తెగకుండా వెళ్తాయి. చవక మోడల్లో అవి తలుపు అంచు దగ్గర జారి ఒకదాని మీదికి ఒకటి ఎక్కేస్తాయి. నేనైతే ధర చూసేముందు ఆ గీతలే చూస్తా.

పెన్సీ, అంటే పెన్సిల్వేనియా, డీజిల్స్‌లో కూడా ఇలాంటి గుర్తు ఒకటుంది, పైకప్పు మీద పొడుగునా చేతికమ్మీలా కనపడే కడ్డీలు. అవి ట్రైన్‌ఫోన్ యాంటెన్నాలు, ఇంజన్ వాళ్లూ వెనక కబూస్ వాళ్లూ మాట్లాడుకోవడానికి. అవి లేకుండా 1950ల పెన్సీ ఎఫ్ యూనిట్ బోసిగా ఉంటుంది.

తూకం ఇక్కడ ఎటు తిరుగుతుందంటే, జీజీ1 పెట్టుకున్నారంటే పైన కరెంటు తీగలు కావాలి, లేకపోతే ఎంత అందమైన ఇంజనైనా బొమ్మలా మిగిలిపోతుంది. తీగలు వేయడం ఓపికతో కూడిన పని. అది వద్దనుకుంటే పెన్సిల్వేనియా కొండల్లో ఆల్టూనా దగ్గర 1854లో తెరిచిన హార్స్‌షూ కర్వ్ వైపు వెళ్లండి, అక్కడ తీగల్లేవు, కే4లు, గూడ్స్ స్టీమ్, తర్వాత డీజిల్స్, అన్నీ పెన్సీయే.

ఇంకో మంచి సంగతి. 1968లో న్యూయార్క్ సెంట్రల్‌తో కలిసి పెన్ సెంట్రల్ అయింది, అది 1970లో దివాలా తీసింది, 1976లో దివాలా తీసిన తూర్పు కంపెనీలని కలిపి కాన్‌రైల్ వచ్చింది. జీజీ1లు ఇవన్నీ దాటుకుని 1983 దాకా బతికాయి. అంటే ఒకే ఇంజన్ పెన్సీ, పెన్ సెంట్రల్, కాన్‌రైల్, ఆమ్‌ట్రాక్, న్యూజెర్సీ ట్రాన్సిట్ చేతుల్లో నడిచింది. ఒకే షేపుని ఇన్ని యాజమాన్యాల్లో పక్కపక్కన పేర్చుకోవాలంటే షెల్ఫ్ కలెక్టర్‌కి ఇంతకంటే మంచి వరస నాకు తట్టట్లేదు.

సదరన్ పసిఫిక్

క్యాబ్ ఫార్వర్డ్ అని గూగుల్ చేయని మోడలర్ ఉండడు. సియెర్రా నెవాడా కొండల్లో సొరంగాలు, మంచు పడకుండా కట్టిన పొడుగాటి షెడ్లు, వాటిల్లో పొగకి ఇంజన్ సిబ్బందికి ఊపిరాడేది కాదు, అందుకని ఇంజన్‌నే తిరగేసి క్యాబ్ ముందుకి పెట్టేశారు, బొగ్గు కాకుండా ఆయిల్‌తో నడిచేది కాబట్టి అది కుదిరింది. మిగిలింది ఒక్కటే, 4294, శాక్రమెంటో మ్యూజియంలో ఉంది. ఇంకోవైపు డేలైట్ బండి, ఎరుపు నారింజ నలుపు, జీఎస్‌4 ఇంజన్. చూడ్డానికి అమెరికాలోనే అందమైన బండి అనేవాళ్లు చాలామంది, నేనూ ఆ గుంపులోవాడినే.

సదరన్ పసిఫిక్ డీజిల్స్‌ని దీపాలతో గుర్తుపట్టొచ్చు, ముక్కు మీద అన్ని లైట్లు ఇంకే కంపెనీ పెట్టలేదేమో అనిపిస్తుంది. సౌండ్, లైట్ ఉన్న డీసీసీ (డిజిటల్ కంట్రోల్) మోడల్ కొనాలనుకునేవాళ్లకి ఇక్కడ పెట్టిన డబ్బుకి కంటికి విందు దొరుకుతుంది.

మిగతావి క్లుప్తంగా

న్యూయార్క్ సెంట్రల్ అంటే హడ్సన్ స్టీమ్ ఇంజన్, 1938లో హెన్రీ డ్రేఫస్ డిజైన్ చేసిన ట్వంటియెత్ సెంచురీ లిమిటెడ్ బండి. ఆ కంపెనీ హడ్సన్లలో నిజంది ఒక్కటి కూడా ఇవాళ మిగల్లేదు, అన్నీ తుక్కులోకి వెళ్లాయి. అందుకే దాని మోడల్ షెల్ఫ్ మీద ఉండటంలో నాకొక వేరే విలువ కనపడుతుంది.

నార్ఫోక్ అండ్ వెస్టర్న్ స్టీమ్ ప్రేమికులకి. తన ఇంజన్లు తనే రోనోక్ షాపుల్లో చేసుకుంది, అందరూ డీజిల్‌కి మారాక కూడా 1960 దాకా స్టీమ్ నడిపింది. 14 క్లాస్ జే ఇంజన్లలో 611 ఒక్కటే మిగిలింది. మీకు 1957లో కూడా పెద్ద స్టీమ్ కావాలంటే ఇదొక మంచి దారి.

నారో గేజ్ కావాలంటే డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్. మూడడుగుల గేజ్, డురాంగో నుంచి సిల్వర్టన్ లైను 1882 నాటిది, ఇప్పటికీ స్టీమ్ నడుస్తోంది. బిగువు కర్వ్‌లు, పొట్టి బండ్లు, చిన్న చోటుకి చక్కగా సరిపోతుంది కానీ మోడల్స్ తక్కువ.

| రైల్‌రోడ్ | బాగా పండే కాలం | చోటు | మోడల్స్ |
|---|---|---|---|
| యూనియన్ పసిఫిక్ | ఏదైనా | పెద్ద ఇంజన్లకి చాలా | పుష్కలం |
| శాంటా ఫే | 1937–1971, 1989–1995 | ఎఫ్ యూనిట్లకి కొంచెమే | పుష్కలం |
| పెన్సిల్వేనియా | 1930లు–1968 | మధ్యస్థం, జీజీ1కి తీగలు | బాగా దొరుకుతాయి |
| సదరన్ పసిఫిక్ | 1940లు–1996 | క్యాబ్ ఫార్వర్డ్‌కి చాలా | బాగానే |
| న్యూయార్క్ సెంట్రల్ | 1927–1968 | మధ్యస్థం | పర్లేదు |
| నార్ఫోక్ అండ్ వెస్టర్న్ | 1940లు–1960 | చాలా | పెద్ద స్టీమ్ వరకు పర్లేదు |
| రియో గ్రాండే నారో గేజ్ | 1920లు–1960లు | కొంచెం | తక్కువ |

ఒక్కదానితో సరిపెట్టుకోలేకపోతే

అసలు కష్టం ఇక్కడే. మనలో చాలామందికి ఒక రంగుతో తనివి తీరదు. అలాంటప్పుడు అన్నీ కొనేయకండి, అవి నిజంగా కలిసిన చోటు వెతకండి.

లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్ చూడండి, 1939లో తెరిచారు, సదరన్ పసిఫిక్, శాంటా ఫే, యూనియన్ పసిఫిక్ మూడూ అక్కడికే వచ్చేవి. డేలైట్ ఎరుపు, వార్‌బానెట్ వెండి, యూనియన్ పసిఫిక్ పసుపు పక్కపక్క ప్లాట్‌ఫారాల మీద. షెల్ఫ్ మీద మూడు పట్టాలు వేసి మూడు ఇంజన్లు నిలబెడితే చాలు, అది కలెక్షన్లా కాదు, ఒక సాయంత్రంలా కనపడుతుంది. గూడ్స్ ఇష్టమైతే కాలిఫోర్నియాలోని కహోన్ పాస్ కనుమ, శాంటా ఫే లైను మీదే యూనియన్ పసిఫిక్ బండ్లు కూడా నడిచేవి. డెన్వర్, ప్యూబ్లో మధ్య జాయింట్ లైన్ మీద రియో గ్రాండే, శాంటా ఫే కలిసేవి.

నేను చివరికి ఆగింది కాలిఫోర్నియా కొండల్లోని టెహాచపిలో. 1876 నాటి సదరన్ పసిఫిక్ లైను, కొండ ఎక్కడానికి పట్టాలు గుండ్రంగా తిరిగి తమ మీదుగా తామే దాటతాయి, పొడుగు బండి అయితే దాని తోక మీదుగానే వెళ్తుంది. శాంటా ఫేకి ఆ లైను మీద నడిపే హక్కు ఉండేది. నా కాలం 1954, 55. అప్పటికి క్యాబ్ ఫార్వర్డ్‌లు ఇంకా పోలేదు, నలుపు ఎరుపు బ్లాక్ విడో ఎఫ్7లు వచ్చేశాయి, శాంటా ఫే గూడ్స్ నీలం పసుపులో, 1954లో మొదలైన శాన్ ఫ్రాన్సిస్కో చీఫ్ వార్‌బానెట్‌లో. రెండే కంపెనీలు, నాలుగు రకాల అందం. పదకొండింట్లో ఏడు అమ్మేశా, జీజీ1 ఇచ్చేటప్పుడు చాలా బాధేసింది, కానీ మిగిలిన నాలుగూ మొదటిసారి ఒకదాన్నొకటి ఎరిగినట్టు నిలబడ్డాయి.

రంగులే కావాలి, ఎన్ని కలిస్తే అంత ఆనందం అనేవాళ్లకి ఇంకా మంచి దారి ఉంది, విలీనాల సంవత్సరాలు. 1971 తర్వాత మొదటి రెండు మూడేళ్ల ఆమ్‌ట్రాక్‌ని రెయిన్‌బో ఎరా అంటారు, రకరకాల కంపెనీల ఇంజన్లూ పెట్టెలూ పాత రంగుల్లోనే ఒకే బండిలో కలిసి నడిచాయి, అక్కడ కలగాపులగమే చరిత్ర. 1970లో గ్రేట్ నార్తర్న్, నార్తర్న్ పసిఫిక్, బర్లింగ్టన్, స్పోకేన్ పోర్ట్‌లాండ్ అండ్ సియాటిల్ కలిసి బర్లింగ్టన్ నార్తర్న్ అయినప్పుడూ అంతే. 1976 తర్వాత కాన్‌రైల్ మొదటి ఏళ్లలో పెన్ సెంట్రల్ నలుపు, ఈరీ లాకవానా, రెడింగ్, లీహై వ్యాలీ రంగులు నీలం పెయింట్ పడేదాకా అలాగే తిరిగాయి.

కొత్తకాలం ఇష్టమైతే హెరిటేజ్ యూనిట్లు చూడండి. యూనియన్ పసిఫిక్ తను మింగేసిన కంపెనీల గౌరవార్థం ఆరు ఇంజన్లకి వాళ్ల రంగుల ఛాయలు వేసింది. మిస్సోరి పసిఫిక్‌కి 1982, సదరన్ పసిఫిక్‌కి 1996, అలా కలిసిన ఏడాదే నంబర్. నార్ఫోక్ సదరన్ 2012లో ఏకంగా ఇరవై తెచ్చింది. ఇవన్నీ ఒకే కాలంలో తిరిగే ఇంజన్లు, కాబట్టి రంగులు ఎన్ని ఉన్నా తప్పు పట్టలేం.

సొంత రైల్‌రోడ్ ఊహించుకుని పేరు పెట్టుకోవడం ఇంకో దారి. జాన్ ఆలెన్ గోరీ అండ్ డిఫీటెడ్, అలెన్ మెక్‌లీలాండ్ వర్జీనియన్ అండ్ ఒహాయో ఈ దారిలో పేరున్నవి. స్వేచ్ఛ ఎక్కువే కానీ పెయింట్, డెకాల్స్ (అంటించే అక్షరాలు, గుర్తులు) అన్నీ మీరే చేసుకోవాలి, చేతిపని ఇష్టంలేనివాళ్లకి నేను చెప్పను.

ఇంతకీ మీకు ఏది

గది చిన్నది, నడపాలి అంటే శాంటా ఫే ఎఫ్ యూనిట్లు, లేదా ఒక స్విచర్ (యార్డులో తిరిగే చిన్న ఇంజన్), ఒక జీపీ9 డీజిల్‌తో ఏదైనా చిన్న లైను. నడపను, చూస్తూ కూర్చుంటా అంటే కర్వ్ బెంగ లేదు, బిగ్ బాయ్, క్యాబ్ ఫార్వర్డ్, హడ్సన్ ఏదైనా తెచ్చుకోండి, డీసీసీ సౌండ్‌కి అదనపు డబ్బు మాత్రం పెట్టకండి, ఆ డబ్బుతో మంచి డిటైల్ ఉన్న మోడల్ వస్తుంది. పిల్లలతో కలిసి మొదలుపెడుతుంటే ఇవాళ పట్టాల మీద కనపడే యూనియన్ పసిఫిక్‌తో పెట్టండి, బయట చూసిందే ఇంట్లో కనపడితే వాళ్ల మొహాలు చూడాలి.

ఇంకా తేల్చుకోలేకపోతే నేను చేసిన పని చేయండి. మీకిష్టమైన చోటులో, తేదీ ఉన్న పాత ఫోటో ఒకటి వెతకండి, ఆ రైల్‌రోడ్ హిస్టారికల్ సొసైటీల దగ్గర బోలెడు ఉంటాయి. అందులో ఎన్ని ఇంజన్లున్నాయో, ఏ నంబర్లో, వెనక ఏ పెట్టెలున్నాయో రాసుకోండి. ఆ లిస్టులో ఉన్నవి దొరికేదాకా ఇంకోటి కొనకండి. నా ఫోటోలో మొత్తం మూడు ఇంజన్లే ఉన్నాయి, మూడోది దొరకడానికి ఏడాదిన్నర పట్టింది.